చావని చీమలు

అడుగులు వేసిన పిల్ల అడుగులు మానేసింది. కాకినాడలో డాక్టర్ ఇందుమతి ఇంట్లో ఆ వర్షాకాలమంతా ఇదే బెంగ.

అసలు నడకే రాని పిల్లయితే వేరే సంగతి. కొందరు పిల్లలు నిదానంగా నడుస్తారు. ఇరుగుపొరుగు నాలుగు మాటలంటారు, పిల్ల ఒకనాడు లేచి పరిగెడుతుంది, అన్నవాళ్లు నోరు మూసుకుంటారు. తరళ అలా కాదు. ఏడాది దాటిన కొన్నాళ్లకే లేచి నిలబడింది. నానమ్మ సుభద్రమ్మ హాల్లో తెల్లగుడ్డ పరిచి, అరిసెలు వరసగా పేర్చి, మనవరాలి చెయ్యి పట్టుకుని వాటిమీద నడిపించింది. వీధిలో వాళ్లందరూ వచ్చి ఆ అరిసెలే తిని, పిల్లని దీవించి వెళ్లారు. మనవాళ్లు పిల్లల ఎదుగుదలని పిండివంటలతో కొలుస్తారు కదా. బోర్లాపడితే బొబ్బట్లు, పలుకులకు పంచదార చిలకలు, అడుగులకు అరిసెలు. ఉద్యోగరీత్యా అదే ఎదుగుదలని యంత్రాలతో కొలిచే ఇందుమతి కూడా ఆ రోజు ఆ యంత్రాల ఊసే మర్చిపోయి అరిసెలు తింది.

అలా నడిచిన పిల్ల, రెండో పుట్టినరోజు దాటాక ఒక పొద్దున మంచం మీద కూర్చుని కాళ్లు పైకి ముడుచుకుంది. దింపబోతే కెవ్వుమంది. ఆ తరువాత నేలమీద పాదం మోపలేదు. ఎత్తుకుని తిప్పాలి, లేదా మంచం, లేదా కుర్చీ. ఎముకల డాక్టరు చూశాడు, నరాల డాక్టరు చూశాడు. కాళ్లకి ఏ లోపమూ లేదన్నారు. సుభద్రమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. తరళ తండ్రి శేషగిరి బళ్లో డ్రాయింగు మాస్టారు. గచ్చు నిండా రంగు సుద్దలతో నెమళ్లు గీసి పిల్లని ఊరించాడు. తరళ మంచం మీదనుంచే నెమళ్లని చూసి బాగున్నాయంది. దిగలేదు.

ఇందుమతి పైకి ధైర్యంగానే ఉంది. లోపల మాత్రం భయమే. ఎందుకంటే పిల్లలో తేడా ఏదైనా ఉంటే అది దేవుడు పెట్టింది కాదు, తను పెట్టింది.

ఆమె కనిపెట్టిన మందు పేరు నిలకడ. పసిపిల్లల మెదడు అవసరానికి మించి తీగలు అల్లుకుని, వాడుకోని వాటిని తనే తెంపేసుకుంటూ ఎదుగుతుంది. ఆ తెంపుడులోనే మన తొలి జ్ఞాపకాలు కూడా పోతాయని, అందుకే ఎవరికీ తన ఉయ్యాల గుర్తుండదని ఇందుమతి లెక్క. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో ఈ తెంపుడు అదుపు తప్పుతుంది. ఉండాల్సిన తీగలూ తెగి, మాటా నడకా దెబ్బతింటాయి. ముక్కులో వేసే ఈ నిలకడ చుక్కలు తీగల్ని తెగకుండా పట్టి నిలబెడతాయి. సముద్రం ఒడ్డున ఉన్న శిశు పరిశోధన కేంద్రంలో ఆమె ఏళ్ల తరబడి కూర్చుని సాధించిన మందు అది. దాన్ని పిల్లలమీద మొదటిసారి వాడటానికి అనుమతి వచ్చిన నెలలోనే ఆమెకి ఏడో నెల ఇంకా నిండకముందే కాన్పైంది. ఆమె మత్తులో ఉండి స్పృహ లేకుండా పడుంటే, శేషగిరి సంతకం పెట్టాడు, సహోద్యోగి డాక్టర్ రత్నాకర్ చుక్కలు వేశాడు. చేతిలో నిలుస్తుందో లేదో అనుకున్న పిల్ల నిలిచింది.

నిలిచిన పిల్ల ఇంకేం చేస్తోందో తెలియడానికి ఏడాదిన్నర పట్టింది. ఒకరోజు ఎస్తేరు రాణి అనే నర్సు ఏదో పనిమీద కేంద్రానికి వచ్చింది. తరళ పుట్టిన మొదటి వారం ఆవిడే చూసుకుంది, ఆ వెంటనే రాజమండ్రి బదిలీ అయిపోయింది. తల్లి చంకలో ఉన్న తరళ ఆవిడ మొహం చూసి, నోరు సగం తెరిచి, ఒక కూనిరాగం తీసింది. ఎస్తేరు రాణి చేతిలో టీ గ్లాసు జారి పడింది.

"అది నా పాటండీ. పిల్లలకి సీసా మార్చేటప్పుడు నాలో నేను పాడుకునేదాన్ని. ఎవరికీ తెలీదు," అంది, వెనక్కి వెనక్కి జరుగుతూ.

ఆ వారం తరళకీ, చుక్కలు వేయించుకున్న మిగతా పిల్లలకీ పరీక్షలన్నీ చేసి చూశాక రత్నాకర్ కుర్చీలో కూలబడ్డాడు. "మేడమ్, ఈ పిల్లలు ఏదీ మర్చిపోవట్లేదండి. పుట్టిన దగ్గర్నుంచీ," అన్నాడు.

ముందు భయపడ్డారు. ఆ తరువాత సంతోషపడ్డారు. లోకంలో ఎవరూ చూడనిది తాము చూశామని స్వీట్లు పంచుకున్నారు. మనిషి బుద్ధి అంతే మరి, ముంచుకొచ్చేదేదో దాని మొహానే రాసి ఉన్నా చదువుకోదు.

ఇప్పుడు పిల్ల నడక మానేస్తే రత్నాకర్ దగ్గర దానికి ఒక కారణం ఉంది.

"నడక నేర్చే పిల్లలు రోజంతా పడుతూనే ఉంటారు కదండీ. లేచిన వెంటనే ఆ దెబ్బ మర్చిపోతారు కాబట్టి మళ్లీ నడుస్తారు. తరళకి పడ్డ ప్రతి దెబ్బా అలాగే ఉంది. ఆ నొప్పి తలుచుకుని భయపడుతోంది. దెబ్బ తగలని చోట దింపి చూద్దాం."

కేంద్రంలో నేలంతా మెత్తటి పరుపులు పరిచిన హాలు ఒకటి ఉంది. ఇందుమతి తరళని తీసుకెళ్లి ఒక చివర స్టూలు మీద కూర్చోబెట్టింది. రత్నాకర్ కెమెరా పెట్టి, తనే ఆ పరుపుల మీద రెండు పల్టీలు కొట్టి చూపించాడు. అంతటి మనిషి పల్టీలు కొడితే ఏ పిల్లయినా నవ్వుతుంది. తరళ నవ్వలేదు. అతను పడిన చోటునే వంగి వంగి చూసింది.

"చూశావా బంగారం, ఇక్కడ పడితే దెబ్బ తగలదు," అన్నాడు రత్నాకర్.

"నాకు తగలదు," అంది తరళ.

"మరి ఎవరికి తగులుతుంది?"

"చీమకి."

రత్నాకర్ పరుపు మీద అరచెయ్యి రాశాడు. "ఇక్కడ చీమలు లేవమ్మా."

"ఉంటాయి. కనపడవు. మనం పడితే చచ్చిపోతాయి."

తరువాత తరళ తల్లివైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. పిల్ల తన గొంతుతో చెప్పలేదు. "వంటింటి గుమ్మం దగ్గర పడ్డాను. 'అయ్యయ్యో, చీమ చచ్చిపోయింది చూడే తల్లీ,'" అంది, అచ్చం సుభద్రమ్మ సాగదీసినట్టే సాగదీసి. "బీరువా పక్కన పడ్డాను. 'ఏం లేదురా నాన్నా, చీమ చచ్చింది, అంతే.'" అది శేషగిరి. "నీ ఆఫీసులో నల్ల కుర్చీ దగ్గర పడ్డాను. 'ఏడవకు బంగారం, చీమేగా చచ్చింది.' నువ్వు నవ్వావు." మేడమెట్టు దగ్గర ఒకటి. పెళ్లివారింట్లో అరుగు మీద ఒకటి. నీళ్లగది ముందు బోలెడు. ఏ చోటా వదలకుండా, ఏ గొంతూ మార్చకుండా, చచ్చిన ప్రతి చీమనీ పేరుపేరునా చెప్పినట్టు చెప్పుకొచ్చింది. అన్నీ అయ్యాక తల్లి మొహంలోకి చూసి అడిగింది.

"చచ్చిపోతే అందరూ నవ్వుతారెందుకమ్మా?"

రత్నాకర్ వెళ్లి కెమెరా ఆపేశాడు.

పిల్ల పడితే చీమ చచ్చిందనని ఇల్లు మన వైపు ఉందా? పిల్ల కింద పడుతుంది, ఏడవడానికి నోరు తెరుస్తుంది. మనం చీమ చచ్చిందంటాం. ఏడుపు మాని చీమ కోసం వెతుకుతుంది. అక్కడ చీమా ఉండదు, గీమా ఉండదు. వెతుకులాటలో పిల్ల ఏడుపు మర్చిపోతుంది, కాసేపటికి చీమనీ మర్చిపోతుంది. ఇందుమతి పడ్డప్పుడు వాళ్లమ్మ అదే అంది, వాళ్లమ్మ పడ్డప్పుడు ఆవిడ తల్లి అదే అని ఉంటుంది. పిల్ల మర్చిపోతుందన్న ధైర్యంతోనే ఇన్ని తరాలవాళ్లు ఆ మాట అన్నారు. ఆ ధైర్యాన్ని ఇందుమతి చుక్కల మందుతో తీసేసింది.

ఇంటికొచ్చి సంగతి చెబితే శేషగిరి ముందు నవ్వాడు. భార్య మొహం చూసి ఆపేశాడు.

"దానికేముంది, బతికున్న చీమల్ని చూపిస్తే సరి," అని వంటింట్లోంచి పంచదార తెచ్చి గచ్చు మీద చల్లాడు. కాసేపటికి చీమలు బారు కట్టాయి. తరళని ఎత్తుకుని వంగి చూపించాడు. "ఇవిగో నాన్నా, ఎన్ని ఉన్నాయో చూడు. ఎలా తిరుగుతున్నాయో చూడు."

తరళ శ్రద్ధగా చూసింది. "ఇవి వేరే చీమలు," అంది.

సుభద్రమ్మ కలగజేసుకుంది. "కాదే నా తల్లీ, అవే ఇవి. చచ్చిపోయినవన్నీ మళ్లీ లేచొచ్చాయి. నీకోసమే వచ్చాయి."

"చచ్చిపోతే రావు నానమ్మా," అంది తరళ. కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు. తెలియనివాళ్లకి తెలియజెప్పినట్టు అంది.

సుభద్రమ్మ మొహం పాలిపోయింది. "రెండేళ్ల పిల్లకి ఆ మాట ఎవరు చెప్పారే ఇందూ?" అంది వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి. ఎవరూ చెప్పలేదని ఇందుమతి అనుకుంది. అలాగే అంది కూడా.

మర్నాటినుంచి రత్నాకర్, చుక్కలు వేయించుకున్న మిగతా పిల్లల ఇళ్లకి ఫోన్లు చేశాడు. అప్పటిదాకా వాళ్ల బరువూ పొడుగూ మాటలూ అడిగేవాడు. ఇప్పుడు, మీరు పిల్లాడితో సరదాకి ఏమేం అంటుంటారండీ అని అడిగాడు. అమలాపురంలో ఒక పిల్లాడు సాయంత్రమయ్యేసరికి చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడుతున్నాడట, ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదట. "నిన్ను తవుడు పోసి కొనుక్కున్నాంరా అని మా మావగారు ఆటపట్టిస్తారండీ. అందరూ అనే మాటేగా," అని చెబుతూ చెబుతూ ఆ తల్లి ఆగిపోయింది. తవుడు తిరిగిచ్చేసి తనని తీసుకుపోయేవాడి కోసం పిల్లాడు తయారై ఎదురుచూస్తున్నాడు. తునిలో ఒక పిల్ల అన్నం మానేసి ఆసుపత్రిపాలైంది. ఎప్పుడో సీతాఫలం గింజ మింగితే, కడుపులో చెట్టు మొలుస్తుందని బాబాయి బెదిరించాడట. నీళ్లు తాగితే చెట్టు పెరుగుతుందని ఆ పిల్ల నీళ్లు కూడా తాగనంటోంది.

ఫోను పెట్టేసి రత్నాకర్ రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "ఇంతకంటే పిల్లలకి మాటలు రాకపోయినా బాగుండేది మేడమ్," అన్నాడు.

ఆ మాటకి ఇందుమతికి కోపం రాలేదు. తనకీ అలాగే అనిపించింది, అనిపించినందుకు సిగ్గేసింది. ఇక మిగిలింది విడుపు ఒక్కటే. నిలకడకి విరుగుడుగా చేసి పక్కన పెట్టిన మందు అది. మూడేళ్లు నిండేలోపు వేస్తే, పట్టి ఉంచిన తీగలన్నీ ఒక్కసారిగా వదులైపోతాయి. చీమలు పోతాయి, తవుడు పోతుంది, సీతాఫలం చెట్టు పోతుంది. కానీ ఏది పోవాలో, ఏది ఉండాలో ఎంచి తీసే తెలివి ఆ మందుకి లేదు. అమ్మ మొహం కూడా పోవచ్చు. కొన్నాళ్లపాటు తరళ ఆమెని ఎవరో ఆడమనిషిని చూసినట్టు చూస్తుంది. మళ్లీ మొదటినుంచి అలవాటు చేసుకోవాలి.

"వేసెయ్యి," అన్నాడు శేషగిరి. "మనం మళ్లీ పరిచయమవుదాం. పిల్ల నడిస్తే చాలు."

"మళ్లీ అరిసెలు వండుతాను," అంది సుభద్రమ్మ. ఆవిడ కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

ఆదివారం మధ్యాహ్నం బయట వాన పడుతోంది. శేషగిరి చూడలేనని బజారుకెళ్లిపోయాడు. ఇందుమతి ఫ్రిజ్‌లోంచి చిన్న సీసా తీసుకుని గదిలోకి వచ్చి, మంచం మీద తరళ పక్కన కూర్చుంది. మూడో పుట్టినరోజు దగ్గరికొచ్చేసింది. ఇక ఆలస్యం చేస్తే ఆ మందు వేసినా పని చెయ్యదు.

తరళ సీసాని గుర్తుపట్టింది. "ముక్కులోదా?"

"అవును."

"ఎందుకు?"

ఏం కాదమ్మా, జలుబుకి, అనబోయింది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. తను ఈ పిల్లతో రోజుకి ఎన్ని అలాంటి మాటలు అంటోందో ఒక్కసారిగా ఆమెకి తెలిసొచ్చింది.

"ఇది వేస్తే నువ్వు చీమలన్నీ మర్చిపోతావు. అప్పుడు హాయిగా నడుస్తావు. నన్ను కూడా కొన్నాళ్లు మర్చిపోతావు. నేనిక్కడే ఉంటాను."

తరళ ఆలోచించింది. "పాపని కూడానా?"

"ఏ పాప?"

"నా పక్కన పాప. పెట్టెలో."

బయట వాన చప్పుడు ఇందుమతికి వినపడటం మానేసింది. ఆ కాన్పులో పుట్టింది ఒక్క తరళే కాదు. ఇద్దరు పుట్టారు. చుక్కలు వేసేదాకా కూడా రెండో పిల్ల నిలవలేదు. ఇందుమతికి తెలివొచ్చేసరికి అంతా అయిపోయింది, తీసుకెళ్లి పూడ్చేసి వచ్చారు. ఖాళీ లేక మొదట ఇద్దరినీ అద్దాల గదిలో ఒకే ఇంక్యుబేటర్ పెట్టెలో పక్కపక్కన పడుకోబెట్టారని మాత్రం ఎవరో అన్నారు. ఆ పిల్లకి పేరు పెట్టలేదు. ఫొటో తీయలేదు. బతికిన పిల్ల ముందు ఆ సంగతి ఎత్తకూడదని ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పకుండానే అందరూ ఒప్పేసుకున్నారు. కన్నతల్లి ఆ పిల్ల మొహం చూడనే లేదు.

"ఆ పాప గుర్తుందా నీకు?" అంది ఇందుమతి.

"ముందు కదిలింది. తర్వాత కదల్లేదు. తీసుకెళ్లిపోయారు. అద్దం దగ్గర నానమ్మ ఏడ్చింది." తరళ గొంతు మారింది. మూడేళ్ల నాటి సుభద్రమ్మ ఏడుపు ఆ గదిలో మళ్లీ వినబడింది. "'చచ్చిపోయిందే తల్లీ, చచ్చిపోయింది.'"

పుట్టిన పిల్లకి మాట అర్థం కాదు. వినబడినదాన్ని విన్నట్టే దాచుకుంది. అర్థం తరువాత ఎప్పుడో, రెండేళ్లు దాటాక, చీమలతోపాటు వచ్చి దాచుకున్న మాటలో కూర్చుంది. ఆ అర్థం తెలిసిన పొద్దునే తరళ మంచం మీద కాళ్లు ముడుచుకుంది. ఇదంతా ఇందుమతికి అర్థమవుతూ ఉండగానే పిల్ల ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

"అమ్మా. నేను పాప మీద పడ్డానా?"

ఇంత చిన్న ఒంట్లో ఇంత పెద్ద మాట ఇన్నాళ్లూ ఎలా పట్టిందో ఇందుమతికి తెలియలేదు. పిల్లని ఒళ్లోకి లాక్కుని గుండెకి అదుముకోవాలనిపించింది. కానీ అలా చేస్తే అది కూడా నోరు మూయించడమే అవుతుంది. అందుకని ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ పట్టుకుంది.

"లేదు. నువ్వు పాప మీద పడలేదు. పాపకి ఊపిరి ఆడలేదు, అందుకని చచ్చిపోయింది. అందులో నీ తప్పేమీ లేదు. ఇది నిజం."

"చీమలు?"

"చీమలు కూడా చావలేదు. నువ్వు పడ్డప్పుడు అక్కడ చీమే లేదు. నేనూ నాన్నా నానమ్మా అబద్ధం చెప్పాం."

"అబద్ధం అంటే?"

"జరగనిదాన్ని జరిగినట్టు చెప్పడం."

తరళ కనుబొమలు ముడిపడ్డాయి. మాట అనేది ఉన్నదాన్నే చెబుతుందని నమ్ముకున్న పిల్ల, అలా కానిది కూడా ఉంటుందని మొదటిసారి వింటోంది. "ఎందుకు చెప్పారు?"

"నువ్వు ఏడుస్తుంటే చూడలేక. నువ్వు మర్చిపోతావనుకున్నాం."

"నేను మర్చిపోలేదు."

"తెలుసమ్మా. మాది తప్పే."

తల్లి మొహాన్ని తరళ నుదుటినుంచి గడ్డందాకా చూసింది. అబద్ధమైతే అది ఎక్కడ కనబడుతుందో వెతుకుతున్నట్టు చూసింది. ఇక మీదట తను చెప్పే ప్రతి మాటనీ ఈ పిల్ల ఇలాగే వెతికి చూస్తుందని ఇందుమతికి తెలిసింది. ఆ చూపు ఆమెకి దెబ్బలా తగిలింది. అయినా కళ్లు తిప్పుకోలేదు.

"నిజంగా పడలేదా?"

"నిజంగా పడలేదు."

తరళ ఊపిరి వదిలింది. ఇందుమతి చేతిలో సీసా ఇంకా ఉంది. మూత తియ్యాలి. పిల్ల తల వెనక్కి వంచాలి. ఆ తరువాత చీమలు పోతాయి, అద్దం దగ్గర ఏడుపు పోతుంది, ఆ పెట్టెలో పక్కన పడుకున్న పాప కూడా పోతుంది. ఆ పాప కళ్లెదుట ఉన్నది ఈ లోకం మొత్తంలో తరళ ఒక్కదానికే. ఇందుమతి నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"పాప ఎలా ఉండేది తరళా?"

"చూపిస్తా," అంది తరళ.

మంచం అంచుదాకా జరిగి, బోర్లా తిరిగి, కాళ్లు కిందికి జార్చింది. నెలల తరబడి నేల తగలని పాదాలు గచ్చు మీద ఆనాయి. ఒకటి రెండు అడుగులు తూలింది. తరువాత గదిలో అవతలి గోడవార పరిచి ఉన్న చాప దాకా నడిచింది. చాప మీద ఒక పక్కకి తిరిగి పడుకుని, గుప్పిలి చెంప కింద పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, కళ్లు సగం మూసింది.

"పాప ఇలా," అంది. రెండో చేత్తో తన ముందున్న ఖాళీ జాగా మీద తట్టింది. "నేను ఇక్కడ."

పిల్ల నడిచిందని ఇందుమతికి అప్పటికింకా తట్టలేదు. సీసా మంచం మీద వదిలేసి లేచింది. వెళ్లి, తరళ చూపించిన చోట, తరళ వైపు తిరిగి పడుకుంది. పుట్టిన ఇద్దరిదీ ఒకటే పోలిక అని నర్సులు అన్న మాట ఆమెకి గుర్తొచ్చింది. జానెడు దూరంలో, చెంప కింద గుప్పిలి పెట్టుకుని, తన రెండో కూతురు ఆమె వంక చూస్తోంది.